కార్డు ఒకటి, పేర్లు రెండు

న్యూఢిల్లీ: రాజధానిలో తెలుగు విలేఖరి ఇంటికి వచ్చేవారు రెండు రకాలు. రాజకీయం చెప్పడానికి వచ్చేవారు కొందరు, కాగితం చూపించడానికి వచ్చేవారు మరికొందరు. మొదటి రకం వారి మాటలు పత్రికలో అచ్చవుతాయి. రెండవ రకం వారి కాగితాలు చాలాసార్లు నా బల్ల సొరుగులోనే ఉండిపోతాయి. ఈ వారం ఆ సొరుగులో నుండి ఒక కాగితాన్ని బయటికి తీస్తున్నాను.

2024 ఏప్రిల్ నెల. దేశమంతటా లోక్‌సభ ఎన్నికల సందడి. ఏ రాష్ట్రంలో ఎవరికెన్ని స్థానాలన్న చర్చ తప్ప ఢిల్లీలో మరొక మాట లేదు. ఆ హడావుడిలో ఒక ఆదివారం ఉదయం విజయనగరం జిల్లా నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకాయన మా తలుపు తట్టాడు. వయస్సు ఏభై దాటి ఉంటుంది. ఒక కాంట్రాక్టరు క్రింద కార్యాలయ భవనానికి కాపలా కాస్తూ నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశాడు. ఆ కాంట్రాక్టు ముగిసింది, ఉద్యోగమూ ముగిసింది. ప్రావిడెంటు ఫండులో తన పేర ఉన్న 78,000 రూపాయలు తీసుకొని కూతురి పెండ్లికి చేసిన అప్పు కొంత తీర్చుకుందామనుకున్నాడు. మార్చి నెలలో చేతికి వచ్చినవి 62,400. మిగిలిన 15,600 రూపాయలు ఆదాయపుపన్ను క్రింద కోసుకున్నారు.

“పన్ను కట్టేటంత జీతం నాకెక్కడిది బాబూ?” అని అడిగాడు. నెలకు పదహారు వేలు తెచ్చుకునే మనిషి అడగవలసిన ప్రశ్నే అది. ఆ సంవత్సరం కొత్త పద్ధతిలో ఏడు లక్షల రూపాయల వరకు ఆదాయమున్నవారు పన్ను కట్టనక్కరలేదు. ఐదేండ్లు పూర్తికాకముందే 50,000 రూపాయలు, ఆపైన ఫండు తీసుకుంటే చట్టప్రకారం పది శాతం కోత ఉన్నమాట నిజం. పన్ను పడనివారు 15జి అనే ఫారం వ్రాసి ఇస్తే ఆ కోత కూడ అప్పట్లో ఉండేది కాదు. కాని ఈ రెండు సౌకర్యాలూ పనిచేసే పాన్ కార్డు ఉన్నవారికే. అది లేనివారికి కోత ఇరవై శాతం. 15జి ఫారం ఇచ్చినా చెల్లేది కాదు. మరి ఈయనకు పాన్ కార్డు లేదా అంటే, ఉన్నది. చొక్కా జేబులో నుండి తీసి చూపించాడు. ప్లాస్టిక్ కార్డు చెక్కుచెదరలేదు. కాని ఆ కార్డు మీద ఉన్న సంఖ్య 2023 జూలై 1వ తేదీన ‘పనిచేయనిది’ అయిపోయింది. ఆధార్‌తో అనుసంధానం కాకపోవడమే దానికి కారణం.

అనుసంధానానికి ఈయన ప్రయత్నించకపోలేదు. రెండు సార్లు ఇంటర్నెట్ దుకాణానికి వెళ్ళాడు. రెండు సార్లూ ‘పేరు సరిపోలలేదు’ అన్న జవాబే వచ్చింది. రెండు కార్డులనూ నా బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చూశాను. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక, మన ఊళ్ళలో పిలిచినట్లే ఉన్నది. పాన్ కార్డు మీద ఇంటిపేరే లేదు. పెట్టిన పేరును రెండుగా విరిచి, చివరనున్న ‘నాయుడు’ అన్న మాటను ఇంటిపేరుగా లెక్కవేశారు. ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1. పాన్‌లో ఉన్నది బడి సర్టిఫికెట్‌లోని తేదీ.

“బొమ్మ నాదే, మా నాయన పేరు మా నాయనదే. మరి ఈ మనిషిని నేను కానా బాబూ?” అన్నాడు. ముప్పయి ఏండ్లుగా పార్లమెంటు గ్యాలరీలో కూర్చొని ఎన్నో ప్రశ్నలు విన్నాను. ఇంత సూటి ప్రశ్న తరచుగా వినలేదు.

ఇంటిపేరు అనే గడి

తెలుగువాడికి ఈ చిక్కు ఎక్కడినుండి వచ్చిందో కొంచెం వివరించాలి. పాన్ అంటే శాశ్వత ఖాతా సంఖ్య. ఇందులో పది స్థానాలుంటాయి: ఐదు ఆంగ్ల అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. మొదటి మూడు అక్షరాలు వరుసక్రమంలో వచ్చేవి. నాలుగవది ఖాతాదారు ఎవరో చెబుతుంది: వ్యక్తి అయితే ‘పి’, కంపెనీ అయితే ‘సి’, హిందూ అవిభక్త కుటుంబమైతే ‘హెచ్’, భాగస్వామ్య సంస్థ అయితే ‘ఎఫ్’, ట్రస్టు అయితే ‘టి’. వ్యక్తుల విషయంలో ఐదవది ఇంటిపేరులోని మొదటి అక్షరం. ఆ తరువాత 0001 నుండి 9999 వరకు ఒక సంఖ్య. చిట్టచివరి అక్షరం ముందున్న తొమ్మిదింటినీ సరిచూసుకోవడానికి లెక్కకట్టి పెట్టినది.

చిక్కంతా ఐదవ అక్షరం దగ్గర ఉన్నది. ఇంటిపేరంటే పేరులోని చివరి మాట అన్న భావంతో తయారైన గడి అది. ఉత్తరాది శర్మలకు, గుప్తాలకు, వంగదేశపు బెనర్జీలకు అది సరిపోతుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది, దానిని పొడి అక్షరంగా వ్రాసుకోవడం మన అలవాటు. తమిళులలో చాలామందికి ఇంటిపేరే లేదు, తండ్రి పేరే ఉన్నది. పొడి అక్షరాలు వ్రాయరాదని దరఖాస్తు ఫారం ఆజ్ఞాపిస్తుంది. అందుచేత ఫారం నింపే ఏజెంటు తనకు తోచినట్లు విప్పుతాడు, తోచకపోతే వదిలేస్తాడు.

ఇప్పుడు వాడుకలో ఉన్న పది స్థానాల పద్ధతి 1995 జూలై 1 నుండి మొదలయింది. అప్పుడు దేశానికి ప్రధానమంత్రి పాములపర్తి వెంకట నరసింహారావు గారు. ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరం ‘పి’ అని ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఢిల్లీలోని ఆంగ్ల పత్రికలు మాత్రం ఆయనను చివరిదాకా ‘మిస్టర్ రావు’ అనే వ్రాశాయి. ప్రధానమంత్రి ఇంటిపేరే రాజధానికి తెలియనప్పుడు విజయనగరం జిల్లా కాపలాదారు ఇంటిపేరు ఎవరికి పట్టింది? 2019లో ఆర్థికమంత్రి అయిన నిర్మలా సీతారామన్ పేరులోని చివరి మాట కూడ ఇంటిపేరు కాదు, ఆమె తండ్రి పేరు. దక్షిణాది పేరు ఆ గడిలో ఇమడదని ఆ శాఖాధిపతికి ఒకరు చెప్పనక్కరలేదు.

స్త్రీల పాట్లు మరికొన్ని. వివాహితులయినా వారి కార్డు మీద ఉండేది భర్త పేరు కాదు, తండ్రి పేరే. ఒక విధంగా ఇది మంచిదే. కాని రేషను కార్డులో, బ్యాంకు పుస్తకంలో భర్త పేరు, అత్తవారి ఇంటిపేరు ఉంటాయి. పెండ్లితో ఇంటిపేరు మారినా పాన్ సంఖ్య మారదు, ఐదవ అక్షరం పుట్టింటిదే నిలిచిపోతుంది. తల్లి ఒక్కతే పెంచిన బిడ్డకు తండ్రి పేరు వ్రాయక తప్పదన్న నిర్బంధం 2018 డిసెంబరు 5వ తేదీ వరకు ఉన్నది. ఆ నిర్బంధం తొలగడానికి గణతంత్ర రాజ్యానికి అరవై ఎనిమిది ఏండ్లు దాటాయి.

ఈ విషయంలో నేనూ అనుభవజ్ఞుడినే. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, ఏ ఫారమైనా నింపగలనన్న ధీమాతో ఢిల్లీ వచ్చినవాడిని. నా జీతం ఖాతాలో పేరుకు ముందు రెండు పొడి అక్షరాలు, పాన్ కార్డులో అవే రెండు పూర్తి మాటలు. కొన్నేళ్ళ క్రితం ఒక బ్యాంకు శాఖలో ఫిక్సెడ్ డిపాజిట్ వేయబోతే, ‘ఈ ఇద్దరూ ఒక్కరేనని రుజువు ఏమిటి?’ అని అడిగారు. కోర్టు ఆవరణలో వేపచెట్టు క్రింద కూర్చున్న నోటరీ ముందు, నేనే నేనని ప్రమాణం చేసి, ముద్ర వేయించుకొని వచ్చాను. పలుకుబడి గల ఉద్యోగం, చేతిలో ఆంగ్లం ఉండబట్టి ఒక పూటతో పని పూర్తయింది. ఆ రెండూ లేనివారి సంగతి ఏమిటి?

పెద్దల కొరకు పుట్టిన సంఖ్య

అసలు ఈ సంఖ్య చిన్నవారి కొరకు పుట్టినది కాదు. పూర్వం ఆదాయపుపన్ను వార్డులలో ఒక్కొక్క పెద్ద రిజిస్టరు ఉండేది. అందులో వరుస సంఖ్యయే పన్ను చెల్లింపుదారుకు గుర్తు. ఊరు మారితే రిజిస్టరు మారేది, సంఖ్య మారేది. బొంబాయిలో ఒక సంఖ్యతో, కలకత్తాలో మరొక సంఖ్యతో ఒకే షావుకారు ఇద్దరుగా చలామణి కావడానికి అంతకంటె అనువైన ఏర్పాటు ఉండదు.

ఆదాయపుపన్ను గరిష్ఠ రేటు సర్‌చార్జీతో కలిపి 97.75 శాతానికి చేరిన రోజులవి. నల్లధనం మీద విచారణకు నియమితమైన మాజీ ప్రధాన న్యాయమూర్తి వాంఛూ సంఘం 1971 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడు, 1972లో, శాశ్వత ఖాతా సంఖ్య ఆలోచన ఆచరణకు వచ్చింది. 1975 నాటి పన్ను చట్టాల సవరణతో 139ఏ సెక్షన్ చేరి, 1976 ఏప్రిల్ 1 నుండి అమలయింది. అయినా దేశమంతటికీ ఒకే పట్టిక లేనందున పాత లోపం పోలేదు. ఆ పట్టిక కంప్యూటర్లతో 1995లో గాని రాలేదు.

అటుపిమ్మట వల క్రమంగా విస్తరించింది. 1998లో యశ్వంత్ సిన్హా బడ్జెట్‌లో ‘ఆరింట ఒకటి’ పథకం వచ్చింది. ఇంట్లో టెలిఫోను ఉన్నా, క్రెడిట్ కార్డు ఉన్నా, విదేశం వెళ్ళివచ్చినా రిటర్ను దాఖలు చేయాలన్నారు. ఆ పథకం 2006లో పోయింది. 2007లో స్టాక్ మార్కెట్ లావాదేవీలకు పాన్ ఒక్కటే గుర్తింపు సంఖ్య అని సెబీ శాసించింది. 2010 ఏప్రిల్ 1 నుండి పాన్ చూపనివారికి ఇచ్చే చెల్లింపులలో ఇరవై శాతమో, అంతకు మించో కోసుకోవాలన్న 206ఏఏ సెక్షన్ అమలయింది. 2016 జనవరి 1 నుండి రెండు లక్షలకు మించిన ఏ కొనుగోలుకైనా పాన్ తప్పనిసరి చేశారు. వీటిలో దేనినీ నేను తప్పుపట్టను. బంగారు దుకాణంలో నోట్ల కట్టలు కుమ్మరించేవాడి పేరు తెలుసుకోవడం ప్రభుత్వ ధర్మం.

అయితే వల పెద్దదైన కొలది అందులో పడే చేపలలో చిన్నవే ఎక్కువయ్యాయి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గ సంఘం 1,435 కోట్ల రూపాయలతో ‘పాన్ 2.0’ పథకాన్ని ఆమోదించిన సందర్భంలో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో సుమారు 78 కోట్ల పాన్ సంఖ్యలున్నాయి. అదే ఏడు జూలై 31 గడువుకు దాఖలైన రిటర్నులు 7.28 కోట్లు. అంటే సంఖ్య ఉన్న పదిమందిలో రిటర్ను వేసినవారు ఒక్కరు. మిగిలిన తొమ్మండుగురికి పాన్ పన్ను కట్టడానికి కాదు, బ్యాంకు ఖాతా తెరవడానికో, ఉద్యోగంలో చేరడానికో, దాచుకున్నది తీసుకోవడానికో కావలసి వచ్చింది. ఆ మార్పును గుర్తించకుండా పెద్దల కొరకు వ్రాసిన శిక్షలనే వీరికీ వర్తింపజేయడం వలన కాపలాదారు జేబులో 15,600 రూపాయలకు చిల్లు పడింది.

ఒకే చట్టం, రెండు నీతులు

ఆధార్‌తో పాన్‌ను ముడివేసిన కథ పార్లమెంటులో నా కళ్ళముందు జరిగింది. 2017 ఫిబ్రవరి 1న అరుణ్ జైట్లీ ప్రవేశపెట్టిన ఆర్థిక బిల్లులో ఆ నిబంధన లేదు. మార్చి నెలలో ప్రభుత్వ సవరణల మూటలో 139ఏఏ సెక్షన్ వచ్చి చేరింది. ద్రవ్య బిల్లు గనుక రాజ్యసభ చర్చించగలదే గాని మార్చలేదు. ఆ ఏడు జూలై 1 నుండి అది అమలయింది.

కమ్యూనిస్టు నాయకుడు బినోయ్ విశ్వం మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నకిలీ, జంట పాన్ సంఖ్యలు 11.35 లక్షలు పట్టుబడ్డాయనీ, వాటిలో 10.52 లక్షలు వ్యక్తులవనీ ప్రభుత్వం చెప్పింది. మొత్తంలో అది అరశాతం కూడ కాదని పిటిషనర్లు వాదించారు. 2017 జూన్ 9న జస్టిస్ సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్ ఆ సెక్షన్‌ను సమర్థించారు. ఆధార్ తీసుకోనివారికి అప్పటికి కొంత ఊరట ఇచ్చారు. 2018 సెప్టెంబరు 26న రాజ్యాంగ ధర్మాసనం ఆధార్ తీర్పులోనూ పాన్ ముడి నిలిచింది. కోర్టు చెప్పినది శిరోధార్యం. ఒక మనిషికి ఒకే సంఖ్య అన్న సూత్రంతో నాకు పేచీ లేదు.

కాని అదే 2017 ఆర్థిక చట్టంలో మరొక భాగమున్నది. ఎన్నికల బాండ్లకు దారి తీసిన సవరణలు అందులోనివే. బాండు కొనేవాడు తన వివరాలు బ్యాంకుకు ఇచ్చేవాడు. ఏ పార్టీకి ఎవరు ఎంత ఇచ్చారన్నది మాత్రం వోటరుకు తెలియనక్కరలేదని ఆ సవరణల సారాంశం. ఒకే చట్టం ఒక చేత్తో కాపలాదారును ‘నీ పేరు రెండు కార్డులలో అక్షరం తేడా లేకుండా ఉండాలి’ అని శాసించింది. మరొక చేత్తో కోట్లు ఇచ్చే దాతకు ముసుగు కప్పింది.

ఆ ముసుగును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 ఫిబ్రవరి 15న తొలగించింది. ఆ నెలలోనే లోక్‌సభలో ఆర్థిక శాఖ సహాయమంత్రి పంకజ్ చౌదరి ఒక లిఖితపూర్వక సమాధానం ఇచ్చారు. బాండ్ల తీర్పు హోరులో దానిని పట్టించుకున్నవారు తక్కువ. మినహాయింపు పొందినవారిని విడిచిపెట్టి, 2024 జనవరి 29 నాటికి ఆధార్‌తో ముడిపడని పాన్ సంఖ్యలు 11.48 కోట్లు. గడువు దాటిన తరువాత, 2023 జూలై 1 నుండి 2024 జనవరి 31 వరకు ఏడు నెలలలో ఆలస్య రుసుము క్రింద వసూలైన మొత్తం 601.97 కోట్ల రూపాయలు. తలకు వెయ్యి చొప్పున లెక్కవేస్తే అరవై లక్షల మంది కట్టారన్న మాట. ఆ వెయ్యి కట్టినవారిలో పన్ను ఎగవేతదారులెందరో, పేరులో అక్షరం తేడా వచ్చినవారెందరో ఆ సమాధానంలో లేదు. ఆ అనుబంధ ప్రశ్న అడిగే సభ్యుడు ఇప్పటికైనా లేవాలి.

పార్టీల విరాళాల సంగతి ఇంకొక మాట. ఇరవై వేల రూపాయలు మించిన విరాళమైతేనే ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం దాత వివరాలను పార్టీ ఎన్నికల సంఘానికి తెలపాలి. నగదు విరాళానికి పన్ను చట్టం 2017లో రెండు వేల పరిమితి పెట్టిన మాట కూడ చెప్పాలి. అయినా ఇరవై వేలకు లోపు దాత పేరు ప్రపంచానికి తెలియనక్కరలేదు. 78,000 రూపాయల సొంత కష్టార్జితం తీసుకునేవాడి పేరు మాత్రం అక్షరాలా సరిపోవాలి.

పాఠకులకు నాలుగు మాటలు

విధానాల మీద విమర్శ ఒక ఎత్తు, చేతిలో కార్డుతో నిలుచున్న మనిషికి పనికివచ్చే మాట మరొక ఎత్తు. కనుక తెలిసినంతవరకు చెబుతాను.

ఆధార్ ఉండి, దానికి సెల్‌ఫోను జతపడి, ఇంతవరకు పాన్ లేని వయోజనులు ఏజెంటును ఆశ్రయించనక్కరలేదు. 2020 మే నెలలో మొదలైన తక్షణ ఇ-పాన్ పద్ధతిలో ఆదాయపుపన్ను శాఖ నుండే ఉచితంగా పొందే వీలు కలిగింది. ముద్రించిన కార్డు కావాలంటే 2024లో రుసుము 107 రూపాయలు. ఇందుకు వేలు అడిగేవాడు మోసగాడు. 2025 జూలై 1 నుండి కొత్త పాన్‌కు ఆధార్ తప్పనిసరి అయింది గనుక, ముందు ఆధార్‌లోని పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నవో లేదో చూసుకొని తరువాత పాన్‌కు పోవాలి. మొదటి కాగితంలోని తప్పు మిగిలిన అన్ని కాగితాలకూ పాకుతుంది.

కార్డు పోయినంత మాత్రాన కొత్త సంఖ్యకు దరఖాస్తు పెట్టరాదు. సంఖ్య జీవితాంతం ఒక్కటే, కార్డు మాత్రమే మళ్ళీ అచ్చువేయిస్తారు. తెలిసో తెలియకో రెండు సంఖ్యలు తీసుకున్నవారు ఒకటి వాపసు చేయాలి. 1961 చట్టంలో ఇందుకు పదివేల రూపాయల జరిమానా ఉన్నది. పేరు సరిపోలనివారు కంప్యూటర్ తెర ముందు పదేపదే ప్రయత్నించి ప్రయోజనం లేదు. ఏ కార్డులో తప్పున్నదో ఆ కార్డును సవరించుకోవాలి, లేదా పాన్ సేవా కేంద్రంలో వేలిముద్ర ద్వారా రుజువు చేసుకోవాలి. ఎనభై ఏండ్లు నిండినవారికి, అస్సాం, మేఘాలయ, జమ్మూకాశ్మీర్ నివాసులకు, విదేశాలలో నివసించే ప్రవాసులకు ఈ ముడి నుండి 2017లోనే మినహాయింపు ఇచ్చారు. గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఇది గమనించాలి. ప్రవాసి అన్న సంగతి పన్నుశాఖ రికార్డులలో నమోదు కాకపోతే, మినహాయింపు ఉన్నా సంఖ్య ‘పనిచేయనిది’గానే కనిపించవచ్చు.

జిరాక్సు కాపీ ఇచ్చేటప్పుడు ఎందుకు ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో దాని మీద వ్రాసి సంతకం చేయండి. మీ సంఖ్య మీద ఎక్కడ ఎంత పన్ను కోశారో చూపించే పట్టిక పన్నుశాఖ వెబ్‌సైటులో ఉంటుంది. ఏడాదికొకసారైనా చూసుకోండి. మీరెరుగని చెల్లింపు అందులో కనిపిస్తే, మీ కార్డును ఎవరో వాడుకుంటున్నారన్న మాట.

రావలసిన మార్పు

2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త ఆదాయపుపన్ను చట్టాన్ని ఆమోదించింది. 1961 నాటి చట్టం స్థానంలో అది 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు ఉద్దేశింపబడింది. భాష సరళమయింది, సెక్షన్లు తగ్గాయి అన్నారు. సంతోషమే. ‘పాన్ 2.0’లో క్యూఆర్ కోడ్ మెరుగవుతుందనీ, పాత కార్డులు చెల్లుతాయనీ అన్నారు. అదీ సంతోషమే. కాని కార్డు మీద నల్లగళ్ళు ఎంత అందంగా ఉన్నా, పేరు గడి పాతదే అయితే తెలుగువాడి అవస్థ తీరదు.

కోరవలసినవి పెద్ద విషయాలు కావు. మూడే. ఒకటి: పేరును మూడు ముక్కలు చేయక, మనిషి తన పేరు ఎలా వ్రాసుకుంటాడో అలాగే ఒకే వరుసలో తీసుకోవాలి. రెండు: పన్ను పడేటంత ఆదాయం లేనివారి వద్ద అనుసంధానానికి వేయి రూపాయలు వసూలు చేయరాదు. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. మూడు: పేరు తేడా మూలంగా సంఖ్య ఆగినప్పుడు, ఆ మనిషికి తన భాషలో ముందుగా ఉత్తరం పోవాలి. ఇరవై శాతం కోసిన తరువాత తెలియడం తెలియడం కాదు.

సంఖ్య ఇచ్చే హక్కు ప్రభుత్వానికి ఉన్నది. ఆ హక్కుతోపాటు ఒక బాధ్యత కూడ ఉన్నది. పౌరునికి సంఖ్య ఇచ్చేవాడు ముందు అతని పేరు సరిగా వ్రాసుకోవడం నేర్చుకోవాలి.

మా కాపలాదారు కథ ముగింపు చెప్పి సెలవు తీసుకుంటాను. ఊరి బడి నుండి సర్టిఫికెట్ నకలు తెప్పించుకున్నాడు. పాన్‌లో పేరు, ఆధార్‌లో తేదీ సవరించుకున్నాడు. వేయి రూపాయల రుసుము కట్టాడు. జూలైలో, జీవితంలో మొదటిసారి, ఆదాయపుపన్ను రిటర్ను దాఖలు చేశాడు. నింపినవాడిని నేనే. కట్టవలసిన పన్ను సున్న. సెప్టెంబరులో 15,600 రూపాయలు అతని ఖాతాకు తిరిగి వచ్చాయి. మిఠాయి పొట్లంతో వచ్చి చెప్పాడు.

తిరిగిన రోజుల కూలి, కట్టిన రుసుములు, ఆ ఆరునెలలు అప్పు మీద పెరిగిన వడ్డీ ఎంతయిందని అడిగాను. వేళ్ళమీద లెక్కపెట్టి, మధ్యలో ఆపి, నవ్వాడు. “అదంతా ఎందుకు బాబూ, ఇప్పుడు రెండు కార్డులలోనూ ఒక్కడినే కదా” అన్నాడు.

పాత కార్డును నా దగ్గరే వదిలి వెళ్ళాడు. నా బల్ల సొరుగులో ఉన్నది అదే.